యూరప్‌లో సొంతిళ్లు, అద్దె ఇళ్లు: లెక్కల్లో కనపడని వెలివాడలు

యూరప్‌లో సొంతింట్లో ఉండేవాళ్లు ఏ దేశంలో ఎక్కువ? ఎవర్ని అడిగినా డబ్బున్న దేశాల పేర్లే చెబుతారు. జర్మనీ అంటారు, స్విట్జర్లాండ్ అంటారు. లెక్కలు చూస్తే అంతా తలకిందులుగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ 2023 లెక్కల ప్రకారం యూనియన్ మొత్తం మీద 69 శాతం జనం సొంతిళ్లలో ఉంటున్నారు. రొమేనియాలో ఇది 95 శాతం దాకా ఉంది. స్లొవేకియా, హంగరీ, క్రొయేషియాల్లో 90 దాటింది. యూరప్‌కే పెద్దన్న లాంటి జర్మనీలో సగం మంది కూడా లేరు, 47 శాతం దగ్గర ఆగింది. యూనియన్‌లో లేని స్విట్జర్లాండ్‌లో ఇంకా తక్కువ.

ఈ పట్టిక ఏటా వార్తల్లోకి వస్తుంది. పేద దేశంలో సొంతిల్లు, ధనిక దేశంలో అద్దె ఇల్లు, ఎంత వింత అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. మేం దీన్ని వింతగా చూసి వదిలేయలేకపోయాం. ఇల్లు, ఇంటి జాగా, అద్దె గది, ఈ మూడు దగ్గరా మనకు కులం ఎదురవుతూనే ఉంది. సొంతిల్లు ఉంటే భద్రత వస్తుందా, అద్దె చట్టం గట్టిగా ఉంటే వస్తుందా అన్న ప్రశ్నకు యూరప్ దేశాలు వందేళ్లుగా రకరకాల జవాబులు చెప్పాయి. ఆ జవాబులన్నిట్లో అట్టడుగున ఉన్నవాళ్లకు ఏం దక్కిందో చూద్దాం.

ముందు ఆ శాతం దేన్ని లెక్కపెడుతుందో తెలియాలి. యూరోస్టాట్ లెక్క ఇంటి యజమానులది కాదు. యజమాని ఉండే ఇంట్లో నివసించే మనుషులందరిదీ. ముప్పై ఏళ్లు వచ్చినా అమ్మానాన్నల ఇంట్లోనే ఉండే కొడుకు కూడా 'సొంతింట్లో ఉన్నవాడి' కిందే లెక్క. క్రొయేషియాలో యువత ఇల్లు వదిలి వెళ్లే సగటు వయసు ముప్పై దాటింది. ఫిన్లాండ్‌లో అది ఇరవై ఒకటి దరిదాపు. ఇరవై ఒకటికి బయటకొచ్చి అద్దె గది తీసుకున్న పిల్ల తన దేశపు సొంతిళ్ల శాతాన్ని తగ్గిస్తుంది. అద్దె కట్టలేక ఇంట్లోనే ఉండిపోయిన కుర్రాడు తన దేశపు శాతాన్ని పెంచుతాడు. పైగా ఇది మామూలు కుటుంబాల మీద చేసే సర్వే. ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లు, శరణార్థి శిబిరాల్లో ఉన్నవాళ్లు ఇందులోకి రానే రారు.

రొమేనియాకు ఆ 95 శాతం ఎలా వచ్చింది? కమ్యూనిస్టు పాలనలో పట్నాల్లోని ఫ్లాట్లలో చాలా భాగం ప్రభుత్వానివి, ప్రభుత్వ సంస్థలవి. 1989 డిసెంబర్‌లో చౌషెస్కు కూలిపోయాక, 1990లో ఒక డిక్రీతో, 1992లో ఇంకో చట్టంతో, ఏ ఫ్లాట్‌లో ఎవరుంటే వాళ్లకే చవగ్గా అమ్మేశారు. ద్రవ్యోల్బణం దూసుకుపోతున్న రోజులు కావడంతో ఆ ధర కొద్దికాలంలోనే నామమాత్రమైపోయింది. హంగరీ, బల్గేరియా, లిథువేనియాల్లోనూ కొంచెం అటూఇటూగా ఇదే కథ. అంటే ఈ దేశాల్లో జనం కూడబెట్టి కొన్న ఇళ్లు కావు ఇవి. ప్రభుత్వం చేతులు దులుపుకున్నప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారన్నదే లెక్క. ఆ రోజు ఫ్లాట్‌లో ఉన్నవాడు యజమాని అయ్యాడు. ఫ్లాట్ దొరకనివాడు ముప్పై ఏళ్ల తర్వాత కూడా దొరకనివాడుగానే మిగిలాడు. ఉన్న ఇళ్లు కూడా ఇరుకే. రొమేనియాలో సుమారు 40 శాతం జనం చాలీచాలని గదుల్లో కిక్కిరిసి ఉంటున్నారని అదే యూరోస్టాట్ చెబుతోంది.

ఆ దొరకనివాళ్లలో ముందు వరుసలో ఉన్నది రోమా ప్రజలు. మన పాఠకుల్లో చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. భాషా శాస్త్రం ప్రకారం వీళ్ల మూలాలు ఉత్తర భారతంలో ఉన్నాయి. రోమానీ భాషలో నీళ్లను ఇప్పటికీ 'పానీ' అంటారు, ఇంటిని 'ఖేర్' అంటారు. నేటి రొమేనియాలో భాగమైన వలాకియా, మోల్డావియా రాజ్యాల్లో వీళ్లు దాదాపు 500 ఏళ్లు బానిసలు. రాజుకు కొందరు, మఠాలకు కొందరు, భూస్వాములకు కొందరు. 1855, 1856 సంవత్సరాల్లో బానిసత్వం రద్దయింది. అప్పుడు యజమానులకు నష్టపరిహారం ఇచ్చారు. విడుదలైన రోమాలకు సెంటు భూమి ఇవ్వలేదు. ఊరి చివర, ఏటి గట్టున, ఎవరికీ అక్కర్లేని జాగాలో గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెలకు కాగితాలు లేవు. చాలాచోట్ల ఇప్పటికీ లేవు.

1990 తర్వాత వీళ్లకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. అమ్మకానికి పెట్టిన మంచి ఫ్లాట్లలో వీళ్లు తక్కువ. బుకారెస్ట్ లాంటి నగరాల నడిబొడ్డున, కమ్యూనిస్టులు జాతీయం చేసిన పాత ఇళ్లలో అద్దెకు ఉన్నవాళ్లలో వీళ్లు గణనీయంగా ఉన్నారు. పాత యజమానుల వారసులకు ఆ ఇళ్లు తిరిగి ఇచ్చేందుకు 2001లో చట్టం వచ్చింది. వారసులు వచ్చారు, అద్దెదారులు బయటికి పోయారు. బుకారెస్ట్‌లో వుల్తురిలోర్ వీధి 50వ నంబరు ఇంటి నుంచి 2014 సెప్టెంబర్‌లో వెళ్లగొట్టిన కుటుంబాలు ఎక్కడికీ పోకుండా అదే వీధిలో పరదాలు కట్టుకుని దాదాపు రెండేళ్లు కూర్చున్నాయి. రెండు చలికాలాలు.

క్లూజ్ నగరం సంగతి మరీ ఘోరం. ఐటీ కంపెనీలతో, యూనివర్సిటీలతో వెలుగుతున్న నగరమది. 2010 డిసెంబర్ 17న కొస్తెయ్ వీధిలో ఉంటున్న 76 కుటుంబాలను, సుమారు 350 మందిని, నగరం చివర ఉన్న పాతా రాత్ అనే చోటికి తరలించారు. వాళ్లలో ఎక్కువమంది రోమాలే. పాతా రాత్ నగరం చెత్త పోసే డంపు పక్కన ఉంది. 40 కుటుంబాలకు తలో గది ఇచ్చారు, నాలుగు కుటుంబాలకు కలిపి ఒక బాత్రూమ్. మిగతా వాళ్లకు అదీ లేదు, పక్కనే ఏదో ఒకటి వేసుకోమన్నారు. అలా రేకులతో, చెక్కలతో వేసుకున్న దాన్ని సర్వే మనిషి వచ్చి చూస్తే ఏమని రాసుకుంటాడు? అద్దె కట్టడం లేదు కాబట్టి 'సొంతిల్లు' అని రాసుకున్నా ఆశ్చర్యం లేదు.

యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల ఏజెన్సీ 2021లో పది దేశాల రోమాల మీద జరిపిన సర్వేలో సగానికి పైగా, 52 శాతం మంది, కారే కప్పులు, చెమ్మ గోడలు, బాత్రూమ్ లేని ఇళ్లలో ఉన్నట్టు తేలింది. 22 శాతం మందికి ఇంట్లో కుళాయి లేదు. సొంతిళ్ల పట్టికలో పై వరుసలో ఉన్న రొమేనియా, స్లొవేకియా, హంగరీ, క్రొయేషియా, బల్గేరియాలు రోమాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న దేశాలు. శాతం ఎంత మురిపించినా ఊరికీ వాడకీ మధ్య దూరం అందులో కనపడదు.

ఈ మాట మనకు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల్లో భారతదేశంలో 86.6 శాతం కుటుంబాలు సొంతింట్లో ఉన్నాయని తేలింది. పల్లెల్లో అయితే 94 శాతం పైనే. జర్మనీ కన్నా మనమే మేలని ఎవరైనా అనుకుంటారా? మాలపల్లెలో, మాదిగవాడలో మూడు తరాలు ఒకే గదిలో ఉన్నా అది సొంతిల్లే. పోరంబోకులో వేసుకున్న గుడిసె కూడా సొంతిల్లే, రేపు అధికారి నోటీసు అంటించేదాకా.

ఇప్పుడు రెండో కొసకు పోదాం. జర్మనీలో ఎందుకంత మంది అద్దెకుంటారు? రెండో ప్రపంచ యుద్ధంలో నగరాలు నేలమట్టం అయ్యాయి. తూర్పు నుంచి తరిమేస్తే వచ్చిన లక్షల మంది తలదాచుకోవాలి. 1950లో పశ్చిమ జర్మనీ తెచ్చిన గృహ నిర్మాణ చట్టం కింద సర్కారు చవక అప్పులిచ్చింది. అది తీసుకుని కట్టినవాళ్లు ఇన్నేళ్లపాటు తక్కువ అద్దెకే ఇవ్వాలని షరతు పెట్టింది. అద్దె చట్టం కూడా అద్దెదారు పక్షానే నిలబడింది. మామూలుగా ఒప్పందానికి గడువు ఉండదు. కారణం చూపకుండా ఖాళీ చేయమనడానికి లేదు. ఇల్లు అమ్ముడుపోయినా కొత్త యజమానికి పాత ఒప్పందం వర్తిస్తుంది. ఉన్న ఇంటి అద్దె మూడేళ్లలో 20 శాతానికి మించి పెంచకూడదు, ఇళ్ల కొరత ఉన్న నగరాల్లో 15 శాతమే. ఇల్లు కొంటే మాత్రం ఆస్తి బదిలీ పన్నే 3.5 నుంచి 6.5 శాతం దాకా పడుతుంది. తాముండే ఇంటి అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. ఇలాంటి చోట ముప్పై ఏళ్లు అద్దె ఇంట్లో ఉండి అక్కడే ముసలివాళ్లు అవడం మామూలు సంగతి. మనకు అద్దె ఇల్లంటే పదకొండు నెలల కాగితం. వాళ్లకు అలా కాదు.

ఇది మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా ఆ ఇంట్లోకి అడుగు పెట్టే దగ్గర ఉంది. చట్టం లోపల ఉన్నవాణ్ని కాపాడుతుంది, గుమ్మం ముందు నిలబడ్డవాణ్ని అంతగా పట్టించుకోదు. 2017లో బవేరియా ప్రసార సంస్థ, ష్పీగల్ పత్రిక కలిసి ఒక పరీక్ష చేశాయి. హన్నా అనే జర్మన్ పేరుతో, ఇస్మాయిల్ అనే పేరుతో, ఇలా రకరకాల పేర్లతో పది నగరాల్లో సుమారు 20 వేల అద్దె విచారణలు పంపాయి. రాతలో తేడా లేదు, ఉద్యోగంలో తేడా లేదు. జర్మన్ పేరుకు ఇల్లు చూడ్డానికి రమ్మని పిలుపు వచ్చిన ప్రతి నాలుగు సందర్భాల్లో ఒకసారి అరబ్బు పేరుకు మొండిచెయ్యే మిగిలింది. పేరు చూసి తలుపు వేయడం గురించి మన పాఠకులకు వివరించక్కర్లేదు.

2006లో జర్మనీ సమానత్వ చట్టం తెచ్చింది. అందులో 19వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ఒక సందు వదిలింది. నివాసాల్లో 'సామాజిక స్థిరత్వం', 'సమతూకం' కోసం అద్దెకిచ్చేటప్పుడు తేడా చూపవచ్చునట. ఎవరి స్థిరత్వం, ఎవరి సమతూకం? వెనకబడ్డ వాళ్లకు ఇళ్లు పంచడానికే ఆ వీలు అని కొందరు న్యాయకోవిదులు వాదిస్తారు. వలసవచ్చిన వాళ్లు ఒకచోట ఎక్కువ కాకుండా చూసుకోవడానికి అది సాకుగా పనికొస్తుందని వివక్ష వ్యతిరేక సంఘాలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెబుతున్నాయి. మేం రెండో వాళ్ల పక్షమే.

జర్మనీ యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థులను దేశాల వారీగా చూస్తే ఇప్పుడు భారతీయులదే పెద్ద సంఖ్య. అందులో తెలుగు పిల్లలు బోలెడంత మంది. అక్కడ దిగగానే ఉన్న చిరునామాను నగర కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు రాసిచ్చిన ధ్రువపత్రం కావాలి. నమోదు లేకపోతే పన్ను నంబరు మొదలుకుని చాలా పనులు ఆగిపోతాయి. అందుకే గది దొరకడం అక్కడ బతుకు సమస్య. దొరకనప్పుడు మనవాళ్ల గ్రూపుల్లోకే పోతారు. అక్కడ 'వెజ్ ఓన్లీ' అని ఒకరు, ఇంటి పేరు ఏమిటని ఇంకొకరు. ఇస్మాయిల్‌కు ఒక్క గుమ్మమే అడ్డం. మన పిల్లలు రెండు దాటాలి.

అద్దె ఇళ్ల గురించి రాస్తూ వియన్నాను వదలకూడదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ నగరాన్ని గెలుచుకున్న సోషల్ డెమోక్రాట్లు 1923లో ఇళ్ల పన్ను వేశారు. దాన్ని తయారు చేసింది నగర ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్. అత్యంత ఖరీదైన 0.5 శాతం ఇళ్ల నుంచే ఆ పన్నులో దాదాపు 45 శాతం వచ్చింది. ఆ డబ్బుతో 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు కట్టారు. కిలోమీటరు పొడవున్న కార్ల్ మార్క్స్ హోఫ్ ఒక్కదాంట్లోనే దాదాపు 1,400 ఫ్లాట్లు. చాకిరేవు గది, స్నానపు గదులు, పిల్లల బడి, లైబ్రరీ అన్నీ లోపలే. 1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియా ప్రభుత్వం ఫిరంగులు పెట్టి కాల్చిన భవనం అదే. నేడు వియన్నా నగరపాలక సంస్థ చేతిలో సుమారు 2 లక్షల 20 వేల ఫ్లాట్లున్నాయి. లాభాపేక్ష మీద పరిమితి ఉన్న సంఘాలవి కూడా కలిపితే నగర జనాభాలో సగం మంది ఈ రెండు రకాల ఇళ్లలోనే ఉన్నారు. కార్మికుడి పక్కింట్లో లాయరు ఉంటాడు. సర్కారు ఇల్లంటే అవమానం కాదక్కడ.

ఇంత మంచి చోట కూడా ఎవరు మనవాళ్లు, ఎవరు కారు అన్న గీత ఉంది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నాక ఇవే నగరపాలక ఫ్లాట్ల నుంచి యూదు అద్దెదారులను వెళ్లగొట్టారు. యుద్ధం తర్వాత తుర్కియే, యుగోస్లావియాల నుంచి కూలికి వచ్చి ఆ నగరాన్ని నిలబెట్టిన వాళ్లకు, పౌరసత్వం లేనంతకాలం, ఈ ఇళ్ల తలుపు దాదాపు మూసే ఉంది. దీర్ఘకాల నివాసులను సమానంగా చూడాలన్న యూరోపియన్ యూనియన్ ఆదేశం పుణ్యాన 2006లో అది తెరుచుకుంది. అంతదాకా వాళ్లు ప్రైవేటు యజమానుల పాత కొంపల్లో ఎక్కువ అద్దె కట్టి బతికారు. ప్రభుత్వ ఆస్తి కావడం ఒక్కటే చాలదని, జాబితా ఎవరు రాస్తున్నారో కూడా చూడాలని వియన్నానే చూపిస్తోంది.

బ్రిటన్ మధ్యలో ఉండే కేసు. అది మనకు దగ్గర కూడా. 1980 నాటికి అక్కడ మూడో వంతు దాకా కుటుంబాలు స్థానిక కౌన్సిల్ ఇళ్లలో అద్దెకుండేవి. ఆ ఏడాది మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఉన్నవాళ్లకు ఆ ఇళ్లు భారీ తగ్గింపుతో కొనే హక్కు ఇచ్చింది. ఒక్క ఇంగ్లండ్‌లోనే దాదాపు 20 లక్షల ఇళ్లు అమ్ముడుపోయాయి. వాటి స్థానంలో కట్టిన కొత్తవి చాలా తక్కువ. లండన్‌లో అలా అమ్మిన ఇళ్లలో నలభై శాతానికి పైగా ఇప్పుడు ప్రైవేటు యజమానుల చేతుల్లో అద్దెకు తిరుగుతున్నాయని 2019లో లండన్ అసెంబ్లీ సభ్యుడొకరు లెక్క తీశారు. స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఈ అమ్మకాలు ఆపేశాయి.

ఎవరు కొన్నారు? కరీబియన్ నుంచి, మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లకు 1950, 60ల్లో 'నల్లవాళ్లకు గదులు లేవు' అనే బోర్డులు ఎదురయ్యాయి. 1965 జాతి సంబంధాల చట్టం ఇళ్ల జోలికే పోలేదు, 1968 చట్టం వచ్చాకే అది చట్టవిరుద్ధమైంది. కౌన్సిల్ ఇళ్ల కేటాయింపులోనూ అదే వరస. లండన్‌లోని హాక్నీలో నల్లజాతి దరఖాస్తుదారులకు నాసిరకం ఇళ్లు అంటగట్టారని 1984లో జాతి సమానత్వ కమిషన్ తేల్చింది. నాసి ఇల్లు దక్కినవాడు చవకగా వచ్చినా దాన్ని కొనడు, కొన్నా అది పెద్దగా ఆస్తి కాదు. 2016–18 అధికారిక లెక్కల్లో ఇంగ్లండ్ మొత్తం మీద 63 శాతం కుటుంబాలకు సొంతిళ్లుంటే, ఆఫ్రికా మూలాల నల్లవాళ్లలో 20 శాతానికే ఉన్నాయి. శ్వేత బ్రిటిష్ వాళ్లలో 68 శాతం. అందరి కంటే పైన భారతీయులు, 74 శాతం.

ఈ 74 శాతాన్ని చూపించి మురిసిపోయే భారతీయ సంఘాలు చాలానే ఉన్నాయి. అందులో ఏ కులం వాటా ఎంతో ఎవరూ లెక్కపెట్టలేదు, పెట్టనివ్వరు కూడా. సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో బ్రిటన్ పార్లమెంటు ప్రభుత్వాన్ని ఆదేశించింది. హిందూ సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. 2018 జూలైలో ప్రభుత్వం, కోర్టు తీర్పులు చాలులే అని, ఆ పని చేయబోనని ప్రకటించింది.

ఆ లండన్‌లోనే కింగ్ హెన్రీస్ రోడ్డులో పదో నంబరు ఇంట్లో 1921, 22 సంవత్సరాల్లో బాబాసాహెబ్ అద్దెకున్నారు. దానికి నాలుగేళ్ల ముందు బరోడా సంస్థానంలో పెద్ద ఉద్యోగం ఉండి కూడా ఆయనకు గది దొరకలేదు. మారుపేరుతో పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఊళ్లో స్నేహితులెవరూ ఇంట్లో పెట్టుకోలేకపోతే పార్కులో కూర్చుని, బొంబాయి రైలెక్కారు. ఆ లండన్ ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని మ్యూజియం చేసింది. సందర్శకుల వల్ల గోల అంటూ ఇరుగుపొరుగు అభ్యంతరం చెబితే, స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరిస్తే, 2020లో బ్రిటన్ ప్రభుత్వం కలగజేసుకుంటే గానీ అది నిలబడలేదు.

స్పెయిన్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అప్పు చేసి సొంతిల్లు కొనుక్కోమనే సలహా మన దగ్గర కూడా జోరుగా ఉంది. కార్మికులు కాదు, యజమానులు ఉండే దేశం కావాలన్నది అక్కడ ఫ్రాంకో నియంతృత్వం నాటి గృహ నిర్మాణ మంత్రి నినాదం. 2000 తర్వాత బ్యాంకులు ఈక్వడార్, మొరాకోల నుంచి వచ్చిన కూలీలకు సైతం పిలిచి అప్పులిచ్చాయి. 2008లో పనులు పోయాయి, ఇళ్లు బ్యాంకులు లాక్కున్నాయి. ఇల్లు అప్పగించినా అప్పు తీరలేదు, మిగిలిన బాకీ మెడకు చుట్టుకునే ఉంది. బార్సిలోనాలో 2009లో పుట్టిన అప్పు బాధితుల వేదిక వేల జప్తులను గుమ్మం దగ్గర అడ్డుకుంది. మొరాకో నుంచి వచ్చిన మొహమ్మద్ అజీజ్ వేసిన కేసులోనే 2013 మార్చిలో యూరప్ న్యాయస్థానం స్పెయిన్ జప్తు చట్టం వినియోగదారుల రక్షణకు విరుద్ధమని తేల్చింది.

డెన్మార్క్ ఇంకో దారి పట్టింది. 2018 చట్టాల కింద, 'పాశ్చాత్యేతర' మూలాల వాళ్లు సగానికి మించి ఉండి, నిరుద్యోగం వంటి మరికొన్ని కొలతలకు తూగిన సామాజిక అద్దె కాలనీలను గుర్తించి, వాటిలో కుటుంబ అద్దె ఇళ్లను 2030 నాటికి 40 శాతానికి తగ్గించాలంది. కూల్చడమో అమ్మడమో చేయాలి. పేదరికం, నేరాలు సరిగ్గా అలాగే ఉండి జనం తెల్లవాళ్లయితే ఈ నియమం తగలదు. ఇది ప్రత్యక్ష వివక్షేనని 2025 ఫిబ్రవరిలో యూరప్ న్యాయస్థానం అడ్వొకేట్ జనరల్ అభిప్రాయం చెప్పారు.

మనం ఇళ్ల పట్టాల కోసం కొట్లాడుతూ వచ్చాం, ఇంకా కొట్లాడాలి. చదువుకుని పట్నాలకు చేరిన మన పిల్లలకు మాత్రం ముందుగా ఎదురవుతున్నది అద్దె గది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో అడ్వాన్సు ఎంతుండాలో, ఖాళీ చేయకపోతే ఎంత జరిమానాో ఉంది. కులం చూసి, మతం చూసి ఇల్లు ఇవ్వననడం గురించి ఒక్క ముక్క లేదు. తెలుగు రాష్ట్రాలు రెండూ అద్దె చట్టాలు మార్చే రోజున ఆ ముక్క రాయించడం మన పని. రాసేటప్పుడు జర్మనీ వదిలిన సందు వదలకూడదు.

అద్దెదారులు సంఖ్యలో ఎక్కువైతే బలం వస్తుందనే ఆశా పూర్తిగా నిజం కాదు. 2021 సెప్టెంబర్ 26న బెర్లిన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మూడు వేల కన్నా ఎక్కువ ఫ్లాట్లున్న కంపెనీల నుంచి ఇళ్లను పరిహారమిచ్చి ప్రజల పరం చేయాలా అన్నది ప్రశ్న. సగానికి పైగా అవునన్నారు. ఆ తీర్పు ఇంకా అమలు కాలేదు. నగరంలో పేరు చూసి ఇల్లు నిరాకరించబడేవాళ్లలో చాలామందికి ఆ రోజు ఓటు లేదు. జర్మన్ పౌరులకే ఓటు.